నెమలికంఠం రంగు ఫాండెంట్ ఎలా కలపాలి? ఓణీల ఫంక్షన్ కేక్, ఆదివారమే ఇవ్వాలి

గోదారి_ఓవెన్ (రాజమండ్రి)
అందరికీ నమస్తే అండీ. ఈ ఆదివారం ఒక ఓణీల ఫంక్షన్‌కి రెండంతస్తుల కేక్ ఒప్పుకున్నాను, కింద పది అంగుళాలు, పైన ఆరు. పాప కట్టుకునే పట్టు లంగా నెమలికంఠం రంగు, బోర్డర్ రాణీ పింక్. కేక్ కూడా అచ్చం అదే రంగులో ఉండాలని వాళ్ళమ్మగారి కోరిక, వాట్సాప్‌లో ఫొటో పంపించారు. కొన్న తెల్ల ఫాండెంట్ (కేక్ మీద పరిచి కప్పే చక్కెర ముద్ద), జెల్ కలర్స్ వాడుతున్నాను. రాయల్ బ్లూలో లీఫ్ గ్రీన్ కలుపుతుంటే మసకబారిన బూడిద నీలం వస్తోంది. పచ్చ పెంచితే నాచు రంగుకి వెళ్ళిపోతోంది, నీలం పెంచితే స్కూల్ యూనిఫాం రంగు. పైగా రంగు ఎక్కువయ్యేకొద్దీ ముద్ద మెత్తబడి చేతికి అంటుకుంటోంది. ఎవరైనా ఈ రంగు తెప్పించినవాళ్ళుంటే ఏ రంగులో ఏది ఎంత కలపాలో చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

కొత్తగా_నేర్చుకుంటున్నా (కరీంనగర్)
నాక్కూడా ఇదే కావాలి అక్కా, ఫాలో అవుతున్నా.

రంగుల_డబ్బా (విజయవాడ)
ముందు ఆ రెండు సీసాల వెనక్కి తిప్పి, కావలసిన పదార్థాలు అన్నచోట ఏ నంబర్లు ఉన్నాయో ఇక్కడ పెట్టండి. ఐఎన్ఎస్ అనో ఇంగ్లీషు అక్షరం E అనో రాసి పక్కన మూడంకెల నంబర్ ఉంటుంది, లోపల ఏ రంగు వేశారో చెప్పే కోడ్ అది. అది చూడకుండా ఎవరు ఏం చెప్పినా గాల్లో రాయి వేసినట్టే.

గోదారి_ఓవెన్ (రాజమండ్రి)
చూశానండీ. రాయల్ బ్లూ మీద 133, 122 ఉన్నాయి. లీఫ్ గ్రీన్ మీద 102, 133.

రంగుల_డబ్బా (విజయవాడ)
దొరికింది. మీ చేతిలో లోపమేమీ లేదు, సీసాలోనే ఉంది విషయం. 133 అంటే బ్రిలియంట్ బ్లూ. 122 అంటే కార్మోయిసిన్, అది ఎరుపు, రాయల్ బ్లూకి ఆ ఊదా జీర రావడానికి వేస్తారు. 102 అంటే టార్ట్రజిన్, పసుపు. నీలంలో పచ్చ కలుపుతున్నానని మీరు అనుకుంటున్నారు గానీ ముద్దలోకి వెళ్తున్నవి నీలం, ఎరుపు, పసుపు, మూడూ. ఆ మూడూ ఒకచోట చేరితే ఏ రంగైనా మట్టివైపే నడుస్తుంది, ఆ తర్వాత ఎంత రంగు పోసినా మసక పోదు, ముద్ద మాత్రం పాడవుతుంది.

రాయల్ బ్లూ పక్కన పెట్టేయండి. వెనక 133 ఒక్కటే రాసున్న నీలం తెచ్చుకోండి. స్కై బ్లూ అని ఉండొచ్చు, ఇంకో పేరు ఉండొచ్చు, పేరు కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి నంబరే చూసి కొనండి. 133 పల్చగా కలిపినప్పుడు తనంతట తనే కాస్త పచ్చవైపు మొగ్గుతుంది, నెమలికంఠానికి సగం పని అక్కడే అయిపోతుంది. దానికి 102 ఒక్కటే ఉన్న లెమన్ యెల్లో కొంచెం కొంచెం చేర్చండి. ఆకుపచ్చ సీసాతో పనే లేదు. ఇంకో మాట, మన దేశంలో తిండిలో వాడటానికి ఒప్పుకున్న సింథటిక్ రంగులు కొన్నే: ఎరుపుల్లో 122, 124, 127, పసుపుల్లో 102, 110, నీలాల్లో 132, 133, పచ్చలో 143. షాపులో ఎన్ని పేర్లతో ఎన్ని సీసాలున్నా లోపల ఎక్కువగా తిరిగేవి ఇవే, అందుకే నంబర్లు ఒకసారి బుర్రకెక్కితే ఏది ఏదాంట్లో కలిస్తే ఏమవుతుందో ముందే తెలిసిపోతుంది.

మూడో_అంతస్తు_బేకర్ (కూకట్‌పల్లి)
నంబర్ల సంగతి ఒప్పుకుంటా గానీ ఇంత కష్టం దేనికి, రెడీమేడ్ టీల్ (నీలం, పచ్చ కలిసిన రంగు) ఫాండెంట్ అమ్ముతున్నారుగా, అది తెచ్చి కాస్త నీలం తగిలిస్తే సరిపోతుంది. ముదురు రంగులకి నేను తెల్లదాంతో మొదలుపెట్టడం మానేశాను. తెల్లదాన్ని అంత ముదురు చెయ్యాలంటే ఎంత జెల్ పోయాలో చూడండి. చక్కెర నీరు పట్టేసి సాగిపోతుంది, నోట్లో చేదు కూడా తెలుస్తుంది. కాకపోతే ఆదివారానికి మీ ఊళ్ళో దొరుకుతుందో లేదో ముందు కనుక్కోండి.

గోదారి_ఓవెన్ (రాజమండ్రి)
ఇక్కడ రెడీమేడ్‌లో ఎరుపు, నలుపు, పసుపు దొరుకుతాయండీ, టీల్ లేదన్నారు. ఆన్‌లైన్‌లో పెడితే సోమవారం వస్తుందట. కాబట్టి కలుపుకోవాల్సిందే.

పడుగు_పేక (ధర్మవరం)
నేను బేకర్‌ని కాదు, కేకులంటే ఇష్టంతో ఈ గ్రూపులో ఉన్నాను. మా ఇంట్లో మగ్గం ఉంది కాబట్టి రంగు గురించి ఒక మాట చెప్తా. మీరు అనుకుంటున్నట్టు నెమలికంఠం ఒక రంగు కాదండీ. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు. నీలం పడుగు మీద ఆకుపచ్చ పేక నడుస్తుంది, కొన్నిచోట్ల తిరగేసి కూడా నేస్తారు. నిలువు పోగులు, అడ్డ పోగులు వేరే వేరే రంగులు కాబట్టే గుడ్డ కదిలినప్పుడల్లా ఒకసారి నీలం, ఒకసారి పచ్చ కనిపిస్తుంది. మా ధర్మవరం పట్టులో ఈ రెండు రంగుల మెరుపుకి పెట్టింది పేరు. ఇప్పుడు ఆ లంగా ఫొటో తీస్తే ఏ మడత వెలుతురికి ఎదురుగా ఉందో ఆ రంగే పడుతుంది. అమ్మగారు పంపిన ఫొటోలో పచ్చ కనపడితే మీరు పచ్చ వెంట పడతారు, పాప ఎదురుగా వచ్చి నిలబడ్డాక చూస్తే నీలంగా ఉంటుంది.

కాబట్టి ఫొటోని నమ్మొద్దు. జాకెట్టు కుట్టించగా మిగిలిన ముక్క ఉంటుంది, అది అడిగి తెప్పించుకోండి. పొద్దున పూట నీడపట్టున, ఎండ నేరుగా పడనిచోట బల్ల మీద పరిచి పైనుంచి చూడండి, తర్వాత చేత్తో పట్టుకుని కొంచెం వంచి పక్కనుంచి చూడండి. పరిచినప్పుడు కనపడేది ఒకటి, వంచినప్పుడు తళుక్కుమనేది ఇంకొకటి. పరిచినప్పటి రంగునే మీ ముద్దకి తీసుకోండి. ఆ తళుకు సంగతి వేరేగా చూసుకోవాలి, ఒకే ముద్దలో రెండూ రావు.

రంగుల_డబ్బా (విజయవాడ)
పడుగు పేక గారూ, చాలా గొప్ప మాట చెప్పారు. ఇన్నేళ్ళుగా పట్టుచీర కేకులు చేస్తున్నవాళ్ళు కూడా ఇంత స్పష్టంగా చెప్పగా నేను వినలేదు.

దీన్నే పనిలో పెడదాం. అడుగు రంగు మాట్‌గా, నీలం ఎక్కువ ఉన్న నెమలికంఠం. అది బాగా ఆరి గట్టిపడ్డాక ఆకుపచ్చ లస్టర్ డస్ట్ (మెరుపు పొడి) పొడిబ్రష్‌తో ఎత్తుగా ఉన్నచోట్ల మాత్రమే పైపైన రాయండి, అంటే కుచ్చిళ్ళ అంచుల మీద, బుటాల మీద. గుంటల్లోకి వెళ్ళనివ్వొద్దు. అప్పుడు టర్న్‌టేబుల్ తిప్పుతుంటే పట్టు కదిలినట్టే ఉంటుంది.

మూడో_అంతస్తు_బేకర్ (కూకట్‌పల్లి)
లేదా నీలం ముద్ద, పచ్చ ముద్ద పూర్తిగా కలపకుండా చారలు చారలుగా వదిలేసి పరిస్తే? మార్బుల్ లాగా.

పడుగు_పేక (ధర్మవరం)
వద్దండీ. మార్బుల్‌లో రంగులు పాయలు పాయలుగా పక్కపక్కన కనపడతాయి, కన్ను వాటిని విడివిడిగానే చూస్తుంది. పట్టులో పోగులు వెంట్రుక మందాన ఉంటాయి, కన్ను కలిపేసుకుంటుంది. ఆ తేడా చీరలు తెలిసిన ఆడవాళ్ళు పది అడుగుల దూరం నుంచే పట్టేస్తారు, పైగా అది ఓణీల ఫంక్షన్.

ఉప్పుగాలి (విశాఖపట్నం)
వెలుతురు గురించి ఇంకొంచెం. వంటింట్లో వార్మ్ ఎల్ఈడీ బల్బు కింద కలిపితే పసుపు తక్కువైనట్టో ఎక్కువైనట్టో భ్రమ పడతాం. కలిపిన ముద్దని బాల్కనీలోకి తీసుకెళ్ళి జాకెట్టు ముక్క పక్కన పెట్టి చూడాల్సిందే. ఫంక్షన్ హాల్లో ఏ లైట్లు వేస్తారో కూడా అమ్మగారిని అడగండి. పసుపు ఫోకస్ లైట్లయితే నెమలికంఠం ఇంకా పచ్చగా కనపడుతుంది, అందుకని రవ్వంత నీలంవైపే ఆపితే మంచిది.

గోదారి_ఓవెన్ (రాజమండ్రి)
జాకెట్టు ముక్క అడిగాను, రేపు పొద్దున పంపిస్తామన్నారు. మీరందరూ ఇంత ఓపిగ్గా చెప్తుంటే ధైర్యం వచ్చింది. మరి కొలతలు ఎలా అండీ? టూత్‌పిక్‌తో వేస్తూ పోతే మళ్ళీ అదే రంగు రెండోసారి రావడం లేదు.

రంగుల_డబ్బా (విజయవాడ)
టూత్‌పిక్‌తో నేరుగా పెద్ద ముద్దలో వేయొద్దు. ముందు ముదురు ముద్దలు చేసుకోండి. చిన్న త్రాసు మీద 100 గ్రాముల తెల్ల ఫాండెంట్ తూచి నీలం బాగా దట్టించి పిసికి పెట్టుకోండి, ఇంకో 50 గ్రాముల్లో పసుపు దట్టించండి. ఇక ఆ తర్వాత సీసాలు మూసేయండి, తూకాలే. 8 గ్రాముల నీలం ముద్ద, 1 గ్రాము పసుపు ముద్ద, 10 గ్రాముల తెల్లది కలిపి గోలీ చేసి జాకెట్టు ముక్క పక్కన పెట్టండి. పసుపు చాలకపోతే ఇంకో గోలీలో 2 గ్రాములు. తెల్లది ఎక్కువైందనిపిస్తే తగ్గించండి. ప్రతి గోలీ కింద చీటీ మీద తూకం రాసి పెట్టుకోండి. నచ్చిన గోలీ దొరికాక ఆ లెక్కనే పెద్దదానికి హెచ్చించుకోవడమే, కావాల్సినంత ముదురు ముద్ద అదే రంగులో ముందే చేసుకోవాలి. నేను చెప్పిన తూకాలు మొదలుపెట్టడానికి మాత్రమే, ఒక్కో కంపెనీ జెల్ గాఢత ఒక్కోలా ఉంటుంది.

మొత్తం ఎంత కావాలో ముందే లెక్కేసి ఒకేసారి కలపండి. నాలుగు అంగుళాల ఎత్తుకి పది అంగుళాల గుండ్రటి కేక్‌కి దాదాపు కిలో, ఆరు అంగుళాలదానికి అరకిలో పడుతుంది. చిరిగినా, అతుకు పడినా పనికొచ్చేలా ఇంకో పావుకిలో అదనంగా. మధ్యలో అయిపోతే రెండోసారి కలిపిన రంగు మొదటిదాని పక్కన తేలిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యం, కావలసిన రంగుకి ఒక మెట్టు ముందే ఆగండి. ఫాండెంట్ రంగు రాత్రికి రాత్రే ముదురుతుంది, నీలం, ఎరుపు, నలుపు అయితే మరీ. క్లింగ్ ర్యాప్ చుట్టి, గాలి చొరని డబ్బాలో పెట్టి, పొద్దున చూసి అప్పుడు నిర్ణయించుకోండి.

కొత్తగా_నేర్చుకుంటున్నా (కరీంనగర్)
ముదురు కావాలంటే ఒక చుక్క నలుపు వేస్తే అయిపోదా? వీడియోల్లో అందరూ అలాగే చేస్తున్నారు.

రంగుల_డబ్బా (విజయవాడ)
ఆ నల్ల సీసా వెనక కూడా చూడు తల్లీ, నీలం, పసుపు, ఎరుపు కలిపి చేసిన నలుపే ఎక్కువ. మళ్ళీ అదే మసక వస్తుంది. నెమలికంఠం లోతు పెరగాలంటే తెల్లది తగ్గించు, అదీ చాలకపోతే ఊదా రంగు టూత్‌పిక్ మొనకి అంటినంత. అంతకు మించితే మొదటికొస్తుంది.

ఉప్పుగాలి (విశాఖపట్నం)
మెత్తబడిన ముద్ద సంగతి ఎవరూ చెప్పలేదు. చిటికెడు సీఎంసీ పౌడర్ (ముద్దని గట్టిపరచడానికి బేకర్లు వాడే పొడి) చల్లి పిసికి, అరగంట కప్పి పెడితే బిగుస్తుంది. ఐసింగ్ షుగర్ పోస్తూ పోవద్దు, రంగు పాలిపోతుంది, ముద్ద పగుళ్ళు పడుతుంది. ముదురు రంగుని పరిచేటప్పుడు కింద కార్న్‌ఫ్లోర్ కూడా చల్లొద్దు, తెల్ల మచ్చలు పడి బూజు పట్టినట్టు కనపడుతుంది. బల్లకీ కర్రకీ కాస్త డాల్డా రాసుకుంటే చాలు. చేతులకి గ్లవ్స్ వేసుకోండి, పెళ్ళిళ్ళ సీజన్లో నీలం గోళ్ళతో తిరగాల్సి వస్తుంది లేకపోతే.

బెల్లంపాకం (గుంటూరు)
నేను వేరే మాట చెప్తాను, కోప్పడకండి. ఆ పాప, ఆ పాప స్నేహితులు అందరూ పిల్లలే కదా, ఇంత రంగు వాళ్ళ కడుపులోకి వెళ్ళాలా? మా ఊళ్ళో నేను లేత రంగులన్నీ ఇంట్లో దొరికేవాటితోనే చేస్తాను. పసుపు చిటికెడు వేస్తే లేత పసుపు, బీట్‌రూట్ పొడితో లేత గులాబీ, ఎండబెట్టిన శంఖుపూలు నానబెట్టి చిక్కగా మరిగిస్తే నీలం. చంటిపిల్లల పుట్టినరోజు కేకులకి తల్లులు ఇవే అడిగి చేయించుకుంటున్నారు.

రంగుల_డబ్బా (విజయవాడ)
కోపం ఎందుకండీ, మంచి ప్రశ్నే. లేత రంగులకి మీ పద్ధతి నాకూ ఇష్టం. కానీ శంఖుపూల నీలం పులుపు తగలగానే ఊదాకి తిరిగిపోతుంది, కాబట్టి ఫాండెంట్‌లో నిమ్మరసం గానీ సిట్రిక్ యాసిడ్ గానీ ఉంటే నీలం నిలబడదు. పసుపు వెలుతురికి వెలిసిపోతుంది. బీట్‌రూట్ కూడా ఎక్కువసేపు ఆ గులాబీతనాన్ని పట్టుకోలేదు. నెమలికంఠం అంత లోతు వీటితో రాదు.

బెల్లంపాకం (గుంటూరు)
రాదు, అది నేనూ ఒప్పుకుంటాను. నా బాధల్లా మోతాదు గురించే.

రంగుల_డబ్బా (విజయవాడ)
మోతాదు గురించి మీ బాధ న్యాయమైనదే. మన నిబంధనల్లో సింథటిక్ రంగుకి చాలా తినుబండారాల్లో కిలోకి 100 మిల్లీగ్రాములు హద్దు. అందుకే నేను పదేపదే చెప్తున్నా, సరైన నీలంతో మొదలుపెడితే తక్కువ రంగుతో ముదురు వస్తుంది, మట్టి రంగుని దిద్దడానికి పోసేదంతా వృథా. ఇంకా జాగ్రత్త కావాలంటే పల్చగా పరిచి కప్పండి, మూడు మిల్లీమీటర్లు చాలు. కేక్ కోసేటప్పుడు ఫాండెంట్ పక్కకి తీసి ఇమ్మని కేటరింగ్ వాళ్ళకి చెప్పించండి.

రాణీ పింక్ గురించి ఒక హెచ్చరిక. కిరాణా కొట్టులో పొట్లం కట్టి అమ్మే విడి గులాబీ పొడి మాత్రం చచ్చినా వాడకండి. 2024లో తమిళనాడులో పీచుమిఠాయిలో రోడమైన్-బి బయటపడి అమ్మకమే నిషేధించారు, ఆ వెంటనే కర్ణాటక కూడా రంగు వేసిన పీచుమిఠాయిని ఆపేసింది. అది బట్టలకి వేసే రంగు, తిండికి కాదు. చూడటానికి అచ్చం రాణీ పింకే, అదే ప్రమాదం. సీల్ ఉన్న సీసా, దాని మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ నంబర్, లోపలి రంగుల నంబర్లు, ఈ మూడూ ఉంటేనే కొనండి.

ఫ్రిస్కో_వంటిల్లు (టెక్సస్)
అమెరికా నుంచి నా వంతు. పింక్ సీసా మీద 127 ఉంటే అది ఎరిత్రోసిన్, ఇక్కడ రెడ్ 3 అంటారు. 2025 జనవరిలో ఇక్కడి ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీనికి అనుమతి రద్దు చేసింది, ఆహార కంపెనీలకి 2027 జనవరి దాకా గడువిచ్చింది. ఆరోగ్యం మాట అలా ఉంచినా, ఇది వెలుతురికి తట్టుకోలేని రంగు. కిటికీ పక్కన పెడితే ఒక పూటలోనే పాలిపోవడం తెలుస్తుంది. ఊదా ఫాండెంట్ తెల్లారేసరికి నీలం అయిపోయిందని చాలామంది ఏడుస్తుంటారు చూడండి, అందులో పింక్ వెలిసిపోయి నీలం మిగిలిపోవడమే దానికి కారణం. అందుకని బోర్డర్‌కి 122తో వచ్చే పింక్ తీసుకోండి, ఇంకాస్త గట్టిగా నిలబడుతుంది, రాణీ పింక్‌లో ఉండే నీలం జీర కూడా దాంట్లోనే బాగా వస్తుంది. 124 ఉన్న ఎరుపుని పల్చన చేస్తే మాత్రం కనకాంబరం వైపు పోతుంది, అది రాణీ కాదు.

ఇక లస్టర్ డస్ట్. దయచేసి డబ్బా మీద "తినదగినది" అని, లోపల ఏముందో స్పష్టంగా రాసి ఉంటేనే వాడండి. "విషపూరితం కాదు" అని మాత్రమే ఉంటే అది అలంకరణకి, తినడానికి కాదు. 2018లో ఇక్కడ రోడ్ ఐలండ్‌లో పుట్టినరోజు కేక్ తిన్న ఆరుగురు పిల్లలకి వాంతులయ్యాయి, పైన పూసిన రోజ్ గోల్డ్ పొడి చూస్తే అది సన్నటి రాగిపొడి. మిస్సోరీలో ఇంకో కేక్ మీది పొడిలో సీసం దొరికింది. ఇక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2021లో ఈ రెండూ కలిపి రిపోర్టు వేసింది. నేను ఇక్కడి తెలుగు ఇళ్ళలో ఓణీల ఫంక్షన్లకి, సీమంతాలకి కేకులు చేస్తుంటాను, బంగారు జరీ అంటే అందరికీ ప్రాణం, అందుకే ఈ విషయంలో నేను ఎవరి మాటా వినను.

గోదారి_ఓవెన్ (రాజమండ్రి)
నా దగ్గరున్న పచ్చ డస్ట్ డబ్బా చూశాను, కేవలం "విషపూరితం కాదు" అనే ఉంది. అది పక్కన పడేసి తినదగినది ఇంకోటి తెప్పిస్తున్నాను. చాలా థాంక్స్ అక్కా.

ఉప్పుగాలి (విశాఖపట్నం)
మీది గోదారి గాలి, మాది సముద్రపు గాలి, ఇద్దరికీ తేమతో గొడవే. ఫ్రిజ్‌లోంచి తీయగానే డబ్బా తెరిస్తే కేక్ మీద చెమట పడుతుంది, నీలం కరిగి గులాబీ బోర్డర్ మీదకి కారుతుంది. అట్టపెట్టెలోనే ఉంచి, మూత తీయకుండా ఏసీ గదిలో వదిలేయండి, చెమటంతా పెట్టె పైనే పట్టి ఆరుతుంది. ఇంత చేసినా తడి కనిపిస్తే వేలు పెట్టొద్దు, గుడ్డతో తుడవొద్దు, ఫ్యాన్ గాలికి దానంతట అది ఆరిపోతుంది. తుడిస్తే మచ్చ పడి తీరుతుంది.

గోదారి_ఓవెన్ (రాజమండ్రి)
అప్‌డేట్. జాకెట్టు ముక్క వచ్చింది. డాబా మీద నీడలో పరిచి చూస్తే ఫొటోలో ఉన్నదానికి ఏమాత్రం పోలిక లేదు, పడుగు పేక గారు చెప్పినట్టే పరిస్తే నీలం, వంచితే పచ్చ. 133 ఒక్కటే ఉన్న నీలం, లెమన్ యెల్లోతో గోలీలు వరసగా చేసి కింద చీటీలు పెట్టాను. చివరికి నిలబడింది 9 నీలం, 1 పసుపు, 6 తెలుపు. సాయంత్రం కలిపినప్పుడు కొంచెం లేతగా అనిపించింది, పొద్దున చూస్తే ముక్క పక్కన పెట్టి ఏది ఏదో వెతుక్కోవాల్సినంత దగ్గరగా వచ్చేసింది. డాల్డా రాసి పరిచాను, ఒక్క తెల్ల మచ్చ లేదు. బోర్డర్ 122 పింక్‌తోనే చేశాను. కుచ్చిళ్ళ అంచుల మీద పచ్చ డస్ట్ పొడిగా రాస్తే ఆ తళుకు నిజంగానే వచ్చింది, అమ్మగారు చూసి చాలాసేపు టర్న్‌టేబుల్ తిప్పుతూనే ఉన్నారు. ఫాండెంట్ పక్కకి తీసి వడ్డించమని కేటరింగ్ వాళ్ళకి చెప్పించాను కూడా, బెల్లంపాకం గారూ.

పడుగు_పేక (ధర్మవరం)
చాలా సంతోషం అండీ. ఫొటో పెట్టండి, మా నాన్నకి చూపిస్తా.

బెల్లంపాకం (గుంటూరు)
మనసు నిండింది తల్లీ.

మూడో_అంతస్తు_బేకర్ (కూకట్‌పల్లి)
9-1-6 రాసి పెట్టుకున్నా. టీల్ ఫాండెంట్ కొనడం ఇక మానేస్తా.

కొత్తగా_నేర్చుకుంటున్నా (కరీంనగర్)
ఇదే చర్చలో నాదొక్కటి అడగొచ్చా? మా అన్న పెళ్ళి వచ్చే నెల. తెల్ల కేక్ మీద కుంకుమ ఎరుపు గులాబీలు, పారాణి రంగు పాదాలు పెట్టాలని ఉంది. ఎంత ఎరుపు వేసినా ముదురు గులాబీ దగ్గరే ఆగిపోతోంది.

రంగుల_డబ్బా (విజయవాడ)
ఎరుపుకి మాత్రం మూడో అంతస్తు గారి దారే సరి, రెడీమేడ్ ఎర్ర ఫాండెంట్ కొనేయి. తెల్లదాన్ని అంత ఎరుపు చేస్తే తినలేం. అది కుంకుమ కంటే గులాబీగా ఉందనిపిస్తే 110 ఉన్న ఆరెంజ్ టూత్‌పిక్‌తో కొంచెం తగిలించు, వేడి వస్తుంది. మరీ కాషాయం అయిపోతే 122 ఉన్న ఎరుపు రవ్వంత. పాదాలకి ముదురు పారాణి రంగు కావాలంటే అందులోనే చాక్లెట్ ఫాండెంట్ చిన్న ముక్క కలుపు, నల్లరంగు వేయకు.

ఫ్రిస్కో_వంటిల్లు (టెక్సస్)
గులాబీ రేకులన్నీ ఒకే ఎరుపుతో చేయకు. మధ్య మొగ్గకి ముదురు, బయటి రేకులకి ఒక ఛాయ లేత. చేతిలో ఒకే ముద్ద ఉన్నా లేతదానికి కాస్త తెల్లది కలిపితే చాలు, పువ్వు లోతుగా కనపడుతుంది.

కొత్తగా_నేర్చుకుంటున్నా (కరీంనగర్)
మస్తు థాంక్స్ అక్కా. మరి తెల్లదాని మీద ఎరుపు దిగకుండా?

ఉప్పుగాలి (విశాఖపట్నం)
పువ్వులు నాలుగైదు రోజుల ముందే చేసి, ఫ్రిజ్‌లో పెట్టకుండా, మూత వదులుగా ఉన్న అట్టపెట్టెలో ఎండ తగలనిచోట ఆరనివ్వండి. గలగలమనేంత గట్టిపడాలి. కేక్ ఫ్రిజ్‌లోంచి తీసి చెమట పూర్తిగా ఆరిపోయాకే, హాలుకి చేరిన తర్వాత అతికించండి. అతికించడానికి నీళ్ళు వాడితే ఎరుపు కచ్చితంగా దిగుతుంది, కరిగించిన వైట్ చాక్లెట్ చుక్క పెట్టండి. పాదాలయితే అడుగున అదే సైజులో పల్చటి తెల్ల ఫాండెంట్ ముక్క కోసి ముందు దాని మీద అతికించుకోండి, అప్పుడు ఎరుపు నేరుగా కేక్‌కి తగలదు, దిగినా ఆ ముక్కలోనే ఆగిపోతుంది.